గుంట దగ్గర నిలబడ్డ అత్త

ఎదురింటి అత్త పోయిందని విరుదునగర్ నుంచి ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు మా కోవిల్‌పట్టిలో వాన పడుతోంది. ఫోన్ చెవిదగ్గర ఉండగానే నేను కిటికీలోంచి వీధిలోకి చూశాను, ఆమె గుంట దగ్గర నిలబడి ఉందేమోనని. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, భయం.

ఆమె నాకు చుట్టం కాదు. మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు రెండే, ఆమెదీ మాదీ. అలా అత్త అయింది. అగ్గిపెట్టెల కంపెనీలో ఏళ్ళ తరబడి లేబుళ్ళు అంటించిన మనిషి. కూరగాయలకు వెళ్తూ మురుగుకాలువ మీది ప్రతి బండనూ కాలితో నొక్కి చూసేది. ఏది కదిలినా మునిసిపాలిటీకి మను ఇచ్చేది. మను అంటే మా వైపు అర్జీ. "నీకేం వేరే పని లేదా అత్తా?" అని ఆటపట్టిస్తే, "ఇది పని గాదా పాపా?" అనేది.

ఒకసారి వీధి చివర బండ విరిగి గుంట పడింది. మను ఇచ్చినా ఎవరూ రాలేదు. అత్త మునిసిపాలిటీకి ఫోన్ చేసి తమిళంలోనే మొదలుపెట్టింది. కోపం వచ్చేసరికి ఇంటి మాట బయటికొచ్చింది. "తెరువులో గుంట ఉండాది! బిడ్డలు తిరిగే చోట గుంట!" అని అరిచింది. తమిళంలో గుండు అంటే బాంబు. అవతలి మనిషికి అదే వినబడింది. బాణసంచా తయారయ్యే సాత్తూరు, శివకాశి పక్కనే ఉన్న ఊళ్ళో ఆ మాటను తేలిగ్గా తీసుకోరు. కాసేపట్లో పోలీసు జీపు వచ్చింది. మమ్మల్నందరినీ ఇళ్ళలోంచి బయటికి పంపారు. సంగతి తెలిశాక ఇన్‌స్పెక్టరు మండిపడ్డాడు. అత్త మాత్రం తొణకలేదు. "గుండు గాదు సామీ, గుంట. ఇంత దూరం వొచ్చినారు గదా, దాన్ని కూడా చూసి పోండి" అని తమిళంలో నచ్చజెప్పింది. ఆ వారమే కొత్త బండ పడింది. చాలా రోజులు నవ్వుకున్నాం.

తర్వాత మా ఇంటి ముందే గుంట పడింది. ఈసారీ మనుకు దిక్కు లేదు. "మళ్ళీ గుండు అనరాదా అత్తా" అన్నాన్నేను.

"ఆ పొద్దు నోరు జారింది. ఇప్పుడంటే అబద్దం. రేపు నిజంగానే గుండు ఉంటే ఎవురొస్తారు?"

వీధివాళ్ళందరి సంతకాలతో మను ఇద్దామని ఇల్లిల్లూ తిరిగింది. నేను పెట్టలేదు. మా మెట్లు కాలువ మీదికి కట్టుకున్నాం. ఆఫీసర్లు వస్తే ముందు అవే పగలగొడతారు. "కళ్ళజోడు ఎక్కడో పెట్టాను, వచ్చే సోమవారం పెడతానత్తా" అన్నాను. ఆమె మెట్లవైపు చూసింది. "మెట్లు మళ్ళీ కట్టుకోవొచ్చు పాపా" అంది. మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఐప్పసి నెల వానలు మొదలయ్యాయి. వీధంతా నీళ్ళు నిండితే గుంట కనబడదు. అత్త గొడుగు వేసుకుని దాని పక్కన నిలబడేది, వచ్చేవాళ్ళకు "ఇట్ల పోండి, ఇట్ల పోండి" అని దారి చూపిస్తూ. "జ్వరమొస్తుంది, లోపలికి రా" అని వరండాలోంచి పిలిచాను.

"ఎవురో ఒగురు నిలబడాల గదా" అంది.

ఆ ఒకరు నేనూ కావచ్చని నాకు తెలుసు. కాఫీ మాత్రం పంపాను. మూడో వానకు జ్వరం వచ్చింది. కూతురు విరుదునగర్ తీసుకుపోయింది. మళ్ళీ రాలేదు.

విరుదునగర్‌లో కర్మకు వెళ్ళి తిరిగొచ్చాక కొత్త మను రాయించాను. మొదటి సంతకం నాదే. మా మెట్లూ కాలువ మీదే ఉన్నాయని అందులో రాయించాను. చూస్తామన్నారు. ఇంకా రాలేదు.

మొన్న సాయంత్రం వాన జోరందుకుంది. నాకు ఇంట్లో కాలు నిలవలేదు. గొడుగు తీసుకుని వెళ్ళి గుంట పక్కన నిలబడ్డాను. పాలాయన మోపెడ్ మీద నీళ్ళలో వస్తున్నాడు. నా పక్కనుంచి ఎంతో చోటుంది, ఇట్లా పొమ్మని చెయ్యి చూపించాను. అతను అటు రాలేదు. బండి బాగా పక్కకు తిప్పి, ఇద్దరు మనుషులను తప్పించుకుని వెళ్ళినట్టు, అవతలి గోడ వారగా వెళ్ళిపోయాడు.