బత్తిల అగ్గి లేదమ్మా

దేవుడి ముందు వత్తి వెలిగించిన చేత్తోనే ఇది రాస్తున్నాను. అబద్ధం రాస్తే ఆ వెలుగే నన్ను నిలదీయాలి.

కొమురయ్య కబురు నాకు మొదట తెచ్చింది మల్లేశం. ఇద్దరూ ఒకే బొగ్గు గనిలో జోడీగా పనిచేసేవాళ్లు. కానీ మల్లేశం రాకముందే... నాకు తెలిసిపోయిందేమో.

అరవై తొమ్మిది వేసవి. చిక్కడపల్లిలో మా ఇంటి ముందు గదే మావారి రిపేరు షాపు. గని కార్మికులు టోపీకి పెట్టుకునే దీపాలు బాగుచేసేవారు. గనిలో మండే గాలి ఊరుతుందట. చిన్న నిప్పురవ్వ చాలు, ఎవరూ మిగలరు. అందుకే ఆ దీపానికి మందమైన అద్దం, చుట్టూ రబ్బరు, పైన తాళం. లోపలి రవ్వ బయటికి రాదు. నడుముకు కట్టుకునే బ్యాటరీ గనిలోనే ఉంటుంది. మా ఇంటికి వచ్చేది దీపం, దాని వైరు... అంతే.

ఆ శుక్రవారం దీపాలు పెట్టే వేళ కొమురయ్య వచ్చాడు. బాగుచేసినవి పట్టుకుని రాత్రి రైలుకు వెళ్లాలి. మావారు రబ్బరు రింగుల కోసం నారాయణగూడ వెళ్లారు. గోనెసంచి కట్టి సిద్ధంగానే ఉంది.

"పొద్దున రా నాయనా," అన్నాను. "శుక్రవారం సంధ్యవేళ ఇంట్లోంచి దీపం బయటికివ్వను."

నవ్వాడు. "గిండ్ల నూనె లేదు, వత్తి లేదు. అగ్గి బయటికి రాకుండ జేసిందే ఈ బత్తి. నీ లక్ష్మి యాడికి పోదమ్మా."

"ఆచారం నాయనా."

"రేపు రాత్రి షిఫ్టున్నది. ఆడ బత్తులు తక్కువున్నయి. మల్లేశం భుజం పట్టుకొని నడవాల్నా? వాడసలే నడుస్త నడుస్త నిద్రపోతడు."

మజ్జిగ ఇచ్చాను. తాగి, గ్లాసు కడిగి బోర్లించి, "సల్లగుండు తల్లీ" అని వెళ్లిపోయాడు.

మావారు వచ్చి, సంగతి విని, సంచి భుజాన వేసుకుని పరుగెత్తారు. రైలు వెళ్లిపోయింది. సోమవారం పార్సిలు చేద్దామన్నారు. నేనేమో... నియమం తప్పకుండా కాపాడావు తల్లీ అని అమ్మవారికి దండం పెట్టుకుని పడుకున్నాను. ఈ మాట రాయడానికే చెయ్యి రావడం లేదు.

శనివారం రాత్రి డాబా మీద పడుకున్నాం. దాహమై నేనొక్కదాన్నే కిందికి దిగాను. పూజగదిలో దీపం కొండెక్కింది. ఇల్లంతా చీకటి. అశోక్‌నగర్ వైపు ఎక్కడో కుక్క మొరుగుతోంది... అదీ ఆగిపోయింది.

అప్పుడు వినిపించింది. టక్.

స్విచ్చి తిప్పిన చప్పుడు. ముందు గదిలోంచి.

తలుపు కింద తెల్లటి గీత... వెలుగు. దొంగ అనుకున్నాను. పిలిస్తే పారిపోతాడని మావారిని లేపలేదు. తలుపు నెట్టాను. ఎవరూ లేరు. వీధి తలుపుకు గడియ వేసే ఉంది. గోనెసంచి... లోపలి నుంచి వెలుగుతోంది. నేత సందుల్లోంచి గోడంతా చుక్కలు.

రామ రామ అనుకుంటూ ముడి విప్పాను. అన్నింటిలో ఒక్కటే దీపం వెలుగుతోంది. వైరుకు నల్ల దారం. దిష్టి తగలకుండా భార్య కట్టిందని కొమురయ్య ఒకసారి చెప్పాడు. ఆ వైరు కొస దేనికీ తగిలించి లేదు. ఊరికే వేలాడుతోంది. అద్దం మాత్రం వెచ్చగా ఉంది... మనిషి నుదురులా.

వెలుగు నా చేతుల మీద పడింది. అక్కడే... నిలిచింది.

"తీసుకుపో నాయనా," అన్నాను. "ఇస్తున్నాను... తీసుకుపో."

అది ఆరిపోలేదు. ఎవరో దాన్ని తలకు పెట్టుకుని పొడుగాటి దారిలో దూరంగా నడిచిపోతున్నట్టు... చిన్నదై... ఇంకా చిన్నదై... చుక్కై... కనపడకుండా పోయింది.

"సందులో గూర్ఖా టార్చి వేసుంటాడులే," అన్నారు మావారు. కిటికీ మూసే ఉందన్నాను. లేచి వెళ్లి ఆ కిటికీ గడియ లాగి చూశారు.

సోమవారం సంచి మూతి కుడుతుండగా మల్లేశం వచ్చాడు. శనివారం రాత్రి షిఫ్టులో కొమురయ్య బత్తి లేకుండా అతని వెనకే నడిచాడట. ఒక మలుపులో భుజం మీది చెయ్యి జారింది. పక్కనే లోతైన నీళ్ల గుంట. "తిరిగి సూసేసరికి లేడమ్మా."

"దీపం ఉండి ఉంటే?"

మల్లేశం సంచి మీద చెయ్యి వేశాడు. "బత్తి ఉన్నోడు గూడ పడతడమ్మా. నువ్ పరేషాన్ గాకు."

నిజమే చెప్పాడో, నా మీద దయతో అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఎలా అన్నా, అతనికి రుణపడి ఉన్నాను. ఆ వెలుగు ఏమిటో, ఎందుకు వచ్చిందో... అదీ తెలియదు.

మీ ఇంట్లో సాయంత్రం దీపం వెలిగించినప్పుడు ఒక్కసారి కొమురయ్యను తలుచుకోండి. నేను ఇవ్వనంటే నవ్వి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిన మనిషి.