బొత్తాలక్క తొంభై రోజులు

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఎండకి గోడలు కూడా వేడెక్కిపోయాయి. పొద్దున తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదు. ఆకలికి కళ్ళు తిరిగి, బ్రష్షు అక్కడే పడేసి తిండికి పోయాను. రంగులో కలిపే థిన్నర్ డబ్బా కిటికీ గట్టు మీదే ఉండిపోయింది.

వేరే చోటైతే అదో తప్పు కాదు. అది ఆడవాళ్ళని ఉంచుకుని మత్తు మాన్పించే హాస్టల్. థిన్నర్ పీల్చినా మత్తెక్కుతుంది కాబట్టి, నేను టీకి వెళ్ళినా డబ్బా వార్డెన్ బీరువాలో పెట్టి వెళ్ళాలి. మగవాణ్ణి కాబట్టి వరండాలో గంట మోగించుకుంటూ నడవాలి.

"గంటన్నా, మెడలో కట్టేసుకో. చేతులు ఖాళీగా ఉంటాయి," అని మొదటిరోజే ఆటపట్టించింది బొత్తాలక్క. ఆ పేరే నాకు ఖాయమైపోయింది.

నేను రంగు వేస్తున్నది ఆమె గదికే. ఆమె పన్నెండేళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టింది. గుడ్డల దుమ్ముకి దగ్గొస్తే సిరప్ తాగింది. దగ్గు తగ్గింది, రెండో షిఫ్టు కూడా తెలియకుండా గడిచింది. తర్వాత దగ్గు లేకపోయినా రోజుకి నాలుగు సీసాలు. ఒకరోజు మిషన్ సూది వేల్లోకి దిగినా నొప్పి తెలియలేదట.

"పక్కామె రక్తం చూసి ఏడ్చింది. నాకేమో చొక్కా పాడైందని దిగులు," అని నవ్వుతూ చెప్పింది.

మొగుడు ఎప్పుడో వదిలేసి పోయాడు. ఏడేళ్ళ కూతుర్ని పెద్ద ఆడపడుచు తీసుకెళ్ళింది. బళ్ళు తెరిచేలోపు తొంభై రోజులు పూర్తిచేసిన కాగితం తెస్తే పిల్లని ఇస్తానంది. లేకపోతే పిల్లతో సహా వేరే ఊరు వెళ్ళిపోతామంది. బళ్ళు తెరిచే సోమవారానికి ముందు శనివారమే తొంభై నిండుతాయి. అక్క వేళ్ళ మీద లెక్కపెట్టుకునేది.

నేను డబ్బా మర్చిపోయింది ఆమె డెబ్భై ఒకటో రోజున.

తిని వచ్చేసరికి వరండాలో అక్క చేతిలో నా డబ్బా ఉంది. ఎదురుగా వార్డెన్.

"మీకిద్దామనే తెస్తున్నాను మేడమ్."

"దొరికినవాళ్ళంతా ఇదే చెప్తారు," అని వార్డెన్ నా వైపు తిరిగింది. "ఏమయ్యా, బీరువాలో పెట్టి వెళ్ళలేదా?"

"పెట్టే వెళ్ళానండీ," అన్నాను.

పని పోతుందని భయం. నోట్లోంచి వచ్చేసింది, అంతే. అక్క నన్ను చూసింది.  ఆమెని విడిగా చిన్న గదిలో ఉంచారు. లెక్క మళ్ళీ ఒకటి నుంచి అన్నారు.

నాలుగు రోజులు ఆ గది ముందునుంచే గంట మోగించుకుంటూ తిరిగాను. అయిదో రోజు పొద్దున వార్డెన్ దగ్గరికి వెళ్ళి ఉన్నది చెప్పాను. 

"ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా?" అంది ఆమె. పాత రోజులు తిరిగి కలిపింది. ఆ నాలుగు మాత్రం కలపలేదు. "ఆ నాలుగు రోజులూ మత్తు మాన్పించే మీటింగులకి కూర్చోలేదు కదా, కూర్చుందని ఎలా రాయను?"

నా పని పోలేదు. గదులయ్యాక గేటుకి కూడా రంగు వెయ్యమన్నారు.

బళ్ళు తెరవడానికి వారం ముందు అక్క ఆఫీసులోంచి ఫోన్ చేసింది. నేను కిటికీ చువ్వలు గీకుతున్నాను.

"వదినా, నాలుగంటే నాలుగు రోజులు ఆగు... కాదు, ఏం తాగలేదు... నా మాట కాదులే, మేడమ్‌ని అడుగు... సరే. దాని స్వెట్టర్ మర్చిపోకండి."

ఆదివారం ఆడపడుచు వాళ్ళు పిల్లని తీసుకుని వెళ్ళిపోయారని వంటమనిషి చెప్పింది. ఏ ఊరో చెప్పలేదట.

బుధవారం అక్కకి కాగితం ఇచ్చారు. తోటివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కావలించుకుని వెళ్ళారు. సంచి భుజానికి తగిలించుకుని నేను రంగు వేస్తున్న గేటు దగ్గరికి వచ్చింది. నేను నిచ్చెన దిగి నిలబడ్డాను. రంగు తడిగా ఉందని చూసి, చీర అంటకుండా కుచ్చిళ్ళు దగ్గరికి పట్టుకుని, పక్కకి ఒదిగి బయటికి నడిచింది.