డేవిడ్ సార్ కూర్చోవలసిన సీటు

మొన్న హుస్సేనీ ఆలంలో బ్యాటరీ ఆటో ఎక్కాను. ఇంజను మోత లేదు, పొగ లేదు, జుమ్ముమంటూ సన్నటి కూత ఒక్కటే. అది చెవిన పడగానే ఒళ్ళు ఝల్లుమంది. ఆ కూతను మొదటిసారి విన్నది డెబ్భైల చివర్లో, ఫలక్‌నుమాలో ఒక రేకుల షెడ్డులో. వినిపించినవారు మా డేవిడ్ సార్.

నేను ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఇంజనీరును, ఆయన మా ఎలక్ట్రికల్ విభాగం అధికారి. ఆదివారం చర్చి నుంచి తిన్నగా షెడ్డుకే వచ్చేవారు. పాత ఫోర్క్‌లిఫ్టు మోటారు, లారీ బ్యాటరీలు, ఇనుప ట్రంకులు చేసేవాళ్ళు వంచి ఇచ్చిన అల్యూమినియం రేకులు, అంతే ఆయన కారు. బ్యాటరీల బండి గంటకు వంద కిలోమీటర్లు దాటాలి, దాన్ని తానే నడపాలి. అదీ ఆయన పిచ్చి. కొన్నాళ్ళకు నాకూ అంటుకుంది.

"పోవుడొక్కటే కాదు బిడ్డా, గంటలోపల మళ్ళ రావాలె. రెండు దిక్కుల స్పీడు కలిపి సరాసరి తీస్తెనే లెక్క. గాలి సాయం జేసిందని ఎవ్వడు అనొద్దు" అనేవారు. తిరిగి రావడానికి బ్యాటరీలో కరెంటు మిగలాలి, మిగలాలంటే బరువు తగ్గాలి. అందుకని ప్రతి భాగాన్నీ మా బాపు పప్పుల దుకాణంలో పెద్ద కాంటా మీద తూచేవాళ్ళం. తలుపులు తీసేశాం. సీటులో దూది లాగేశాం. రంగు కూడా గీకేశారు మహానుభావుడు! అయినా బండి జోరుగా పోయి, వచ్చేటప్పుడు నీరసపడి సగంలో ఆగేది.

ఊరవతల పాత రన్‌వే మీద ఒక్క పూటకు అనుమతి దొరికింది. దానికి వారం ముందు సార్ మా దుకాణానికి వచ్చి తానే కాంటా పళ్ళెంలో కూర్చున్నారు.

"శోభా, నువ్వు గా దిక్కు కూసో."

నేను గాల్లోకి లేచాను. నా పళ్ళెంలో ఇరవై కిలోల బాట్లు రెండు పెడితే గానీ సరితూగలేదు.

"సూశినవా? నీకంటె నేను నిండు బ్యాటరీ అంత ఎక్కువున్న. బండి నువ్వు నడుపు."

బాపు గాభరాగా అడ్డొచ్చాడు. "ఆడిపిల్లకు గదేం పని సార్?"

"నేను కాదు సేటూ, నీ కాంటనే చెప్తున్నది. నీ కాంటా తప్పంటవా?"

పుట్టినప్పటి నుంచీ కాంటాను నమ్ముకుని బతికిన మనిషి, ఏమనగలడు? "పైలంగ పోయిరా బిడ్డా" అన్నాడు. నాకు సంతోషంతో కాలు నిలవలేదు. సార్ మాత్రం ఆ పళ్ళెంలోంచి లేవడానికి కాస్త ఆలస్యం చేశారు.

అనుమతి దొరికిన ఆ ఉదయం రన్‌వే పొడవునా ఫ్యాక్టరీ మిత్రులు జెండాలూ గడియారాలూ పట్టుకుని నిలబడ్డారు. బాపు కూడా దుకాణం మూసి వచ్చాడు. పోయేటప్పుడు బండి రివ్వుమని దూసుకుపోయింది. వచ్చేటప్పుడు ఎదురుగాలి. మోటారు కూత సన్నగిల్లుతుంటే గాలికి తల దించి స్టీరింగు మీదికి వంగాను. ఎలాగో చివరి జెండా దాటింది, దాటి నాలుగడుగులు దొర్లి చచ్చుబడిపోయింది. సార్ లెక్క కట్టారు, మళ్ళీ కట్టారు. "దాటినం బిడ్డా! వంద దాటినం!" అని ఎగిరి గంతేశారు.

"ఇంక బరువు ఫికర్ లేదు సార్, కూసోండ్రి" అని నేను దిగాను.

బ్యాటరీలో చుక్క కరెంటు లేదు. అయినా ఆయన ఆ ఇరుకులో దూరి స్టీరింగు పట్టుకున్నారు. బాపుతో సహా అందరం వెనక నుంచి నెట్టాం. బండికి మోత లేని లోటు తీర్చడానికి సార్ నోటితో "బుర్ర్ర్" అని ఒకటే చప్పుడు. మధ్యలో "జోరుగ నూకుండ్రి! మస్తున్నది!" అని కేకలు. రన్‌వే ఆ చివరి దాకా నెట్టాం. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

సార్ పోయి చాలా ఏళ్ళయింది. మొన్న ఆటో ఆగాక డ్రైవరు వెనక్కి తిరిగి అనుమానంగా అడిగాడు.

"అమ్మా, ఇందాకటి సంది బుర్రుమని సప్పుడొస్తున్నది. బండిదా, మీదా?"

"రెండూ కాదు భాయ్" అన్నాను. "మా సార్‌ది."