ఒకే చాకు, నాలుగు నడుములు

గద్వాల స్టేషన్‌లో మేం ఆరుగురం దిగేసరికి తెల్లారుతోంది. సన్నని వాన. భుజాన రైఫిలు, వీపున సంచి, చేతిలో ఇనుప పెట్టె. స్టేషన్ మాస్టరు మమ్మల్ని ఎగాదిగా చూసి, రైలు కట్ట వైపు వేలు చూపించి లోపలికి పోయాడు. కట్ట పట్టుకుని ఉత్తరానికి నడిచాం. ఒక్కో స్లీపరు మీద అడుగు వేస్తే పొట్టి అడుగు. ఒకటి వదిలి ఇంకోదాని మీద వేస్తే నిక్కరు చిరిగేంత పొడుగు. రైలు కట్టను మనిషి కాళ్లకు కొలిచి వేయలేదని ఆ రోజే తెలిసింది.

ప్రపంచ యుద్ధపు లడాయి రోజులవి. నాతో భర్తీ అయిన వాళ్లు బర్మా పోయారు, ఈజిప్టు పోయారు. నాకు కృష్ణ మీద రైలు వంతెన కాపలా దొరికింది, బీచుపల్లికి ఎగువన. మా అమ్మ బిజినేపల్లిలో ఏడ్చి ఏడ్చి పంపింది. నేను దిగిన చోటు నుంచి గట్టిగా తుమ్మితే ఆమెకు వినపడేంత దూరం.

వంతెనకు గద్వాల వైపు కొసన రేకుల గుడిసె. ముందర ఇసుక బస్తాలు. లోపల నులక మంచాలు, లాంతరు, స్టేషన్‌కు కలిపిన టెలిఫోను. రెండు గంటలు కాపలా, నాలుగు గంటలు ఆరాం. ఆ ఆరాంలోనే తుపాకి తుడవాలి, నీళ్లు మోయాలి, బట్టలు ఉతకాలి, దోమలకు రక్తం ఇవ్వాలి. ఎండాకాలం ఇనుము ముట్టుకుంటే చెయ్యి అంటుకునేది. వానాకాలం అదే ఇనుము మీద నిలబడితే కాలు నిలిచేది కాదు. చూడటానికి నది, కమ్మీలు, మళ్లీ నది. శత్రువు మాత్రం ఒక్కడూ రాలేదు. వచ్చి ఉంటే కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లం, అంత విసుగు.

మాలో పెద్ద హోదా హవల్దారుది. వనపర్తి పక్క రైతుబిడ్డ. మంచి మనిషి, ముందు పొట్ట వస్తే వెనక మనిషి వచ్చేవాడు. వంట చేసే లాంగ్రీది ఉప్పునుంతల. తాటిచెట్టంత మనిషి, గుడిసెలోకి వంగి వచ్చేవాడు, వంగే వండేవాడు, ఆ అలవాటులో బయట కూడా వంగే నడిచేవాడు. మూడోవాడు గద్వాల సాలె, బట్ట నేసేవాడు. ఎంత సన్నమంటే, వాడు కాపలాకు నిలబడితే వంతెనకు ఒక కమ్మీ ఎక్కువైనట్టుండేది. నాలుగోవాణ్ని నేను. పొట్టి, గుండ్రం. ఇంకో ఇద్దరుండేవాళ్లు కానీ వాళ్లు మేం లేచినప్పుడు పడుకునేవాళ్లు, మేం పడుకున్నప్పుడు లేచేవాళ్లు.

మా నాన్న దర్జీ. మూడో తరగతిలో పంతులు నన్ను బెంచీ ఎక్కించాడు. నేను దిగి, నేరుగా ఇంటికొచ్చి, మిషను ముందు కూర్చున్నాను. అంతే నా చదువు. మనిషి కనిపిస్తే ముందు నడుము కొలుస్తాను, తర్వాతే మొహం చూస్తాను.

వానలు పడకముందు మా పై అధికారి జమేదారు రైలు ట్రాలీ మీద వచ్చి మాకు చాకులు పంచాడు. మడత చాకు. కొమ్ముతో చేసిన పిడి, కాలి బొటనవేలంత లావు. ఒక పక్క కోసే అలుగు, ఇంకో పక్క ముడులు విప్పే మేకు, తలకు ఒక కడియం.

"నీళ్లొచ్చినప్పుడు చెట్లు కొట్టుకొస్తయ్," అన్నాడు జమేదారు. "స్తంభాలకు అడ్డం పడ్తయ్. కొక్కెం ఏసి గుంజి, పక్కకు తప్పియ్యాలె. తాడు చేతికి చుట్టుకోవద్దు. చెట్టు తిరిగి తాడు మిమ్ముల గుంజితే, కోసుడే. పోయిన యేడు ఒకడు చాకు జేబుల పెట్టుకొనే నదిలకు పోయిండు. గుండీ ఇప్పే లోపట. సమజైందా? అందరు కుడి జేబుల పెట్టాలె. హుకుం."

ఆ మాట విన్నాక మాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. చాకు చేతికి అందితే మనిషి ఉంటాడు, లేకుంటే లేడు.

ఫౌజు అందరికీ ఒకే చాకు ఇస్తుంది. దేవుడు అందరికీ ఒకే నడుము ఇవ్వలేదు. సాలె కుడి జేబులో చాకు పడగానే నిక్కరు ఆ పక్కకు ఒరిగింది, పోలీసు చెయ్యి పట్టి గుంజుతున్నట్టు. లాంగ్రీ కాళ్లు పొడుగు కాబట్టి చాకు మోకాలి దాకా జారి, నడిచినప్పుడల్లా తలుపు తట్టినట్టు కొట్టేది. పొయ్యి దగ్గర వంగితే జేబులోంచి జారి గంజిలో పడేది. హవల్దారు నిలబడితే బాగానే ఉండేది. కూర్చున్నాడంటే పొట్ట కిందికి, తొడ పైకి, జేబు మూతి పిసినారి గుప్పిట లాగా మూసుకునేది.

సూది దారం తీశాను.

మీరు ఊళ్లో ఉండే వాళ్లు, జర వినండి, మీకూ పనికొస్తుంది. ధోవతి కట్టే వాడికి జేబు లేదు, రొండిన దోపుకుంటాడు. అందుకని వాడికి సన్నటి, తేలికైన చాకు కావాలి. లావుది దోపితే చాకుతోపాటు ధోవతీ పోతుంది. మొలతాడుకు కట్టే వాడు అలుగు మడిచేది చూసి కొనాలి, ఎందుకో చెప్పక్కర్లేదు. షేర్వాణీ తొడిగే పెద్దమనిషికి లోపలి జేబు, అదీ చిన్న చాకైతేనే. బరువుదైతే గుండీలు ఒక మెట్టు తప్పినట్టు కనపడతాయి. సన్నటి మనిషికి చాకు ఎముక మీద కూర్చోవాలి. లావాటి మనిషికైతే ఎముక ఎక్కడుందో ముందు వెతకాలి. ఎవడికైనా సరే, నిలబడి సరిచూసుకుంటే సరిపోదు. కూర్చుని, వంగి, తడిసి చూసుకోవాలి.

సాలెకు నడుము మీద బరువు తీసేశాను. నూలు తాడు పేని భుజం మీదుగా అడ్డంగా వేసి, చాకు ఎడమ చంక కింద, పక్కటెముకల మీద నిలిపాను. చొక్కా గుండీ ఒకటి కోసి కొక్కెం కుట్టాను. కుడి చెయ్యి లోపలికి పోతే పిడి చేతిలో ఉంటుంది. లాంగ్రీకి కాన్వాసు ముక్కతో తిత్తి కుట్టి బెల్టుకు ముందర ఎడమ పక్క ఏటవాలుగా పెట్టాను. వంగినా పడదు, అటు నుంచి ఇటు చెయ్యి వేస్తే ఒక్క గుంజుకు వస్తుంది. నాది చొక్కా జేబులో, మూత కత్తిరించేసి.

హవల్దారు మాత్రం ఒప్పుకోలేదు.

"హవల్దార్ సాబ్, కూసోని ఒక్కసారి తియ్యుండ్రి, చూద్దాం," అన్నాను.

"నేను కూసోని లడాయి చెయ్య."

"కూసునే కద సాబ్, మీరు దినమంత ఉండేది."

లాంగ్రీ గంటె పక్కన పెట్టి నవ్వాడు. హవల్దారు నన్ను చూశాడు. "దర్జీ కొడుకువు గద. ముందు గా నోరు కుట్టుకో."

"ఒక్క చిన్న కత్తిరింపు సాబ్. జేబు మూతి రెండు వేళ్లు పెద్దగ చేస్త. ఎవ్వరికి తెల్వదు."

"కుడి జేబు అన్నరు. ఎట్ల ఇచ్చిన్రో గట్లనే ఉంటది. హుకుం హుకుమే."

సాలె ఇవన్నీ వింటూ వేళ్లకు ఆముదం రాసుకుంటుండేవాడు. రోజూ పొద్దుగూకే వేళ అదే పని. లడాయితో నూలు బందైంది, అందుకే ఫౌజులో చేరాడు.

"మా మగ్గం గుంతల పిల్లి పిల్లలు పెట్టింది," అనేవాడు. "నూలు వచ్చిన దినం నేనీడ ఉండ. బందూకు ఎవడన్న పట్టుకుంటడు దర్జీ. నూలు బట్టకు పట్టు అంచు కలుపుడు ఎవ్వనికంటే వానికి రాదు. పోగు పోగుకు ముడి పడాలె. ఈ ఎడమ చెయ్యి లేకపోతే మా ఇంట్ల పొయ్యి లేదు."

"నీ చెయ్యికి నేను జామీను," అన్నాడు హవల్దారు. "ఎట్ల తెచ్చిన్నో గట్లనే మీ ఇంటోళ్లకు అప్పజెప్త. పరేషాన్ గాకు."

అంత బరువైన మాట ఆయన అంత తేలిగ్గా అనేవాడు. అనగానే అందరం నమ్మేవాళ్లం.

శ్రావణంలో నది లేచింది. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాం. వాన ఎంతగా కొడుతోందంటే, రేకుల కింద ఒకరి మాట ఒకరికి వినపడదు. హవల్దారు టెలిఫోను తిప్పాడు, రెండు పక్కలా అరుపులే.

"గద్వాల, గద్వాల. నీళ్లు స్తంభం మీది తెల్ల గీత ముట్టినయ్."

"చెట్లు?"

"వస్తున్నయ్. ఒకటి స్తంభానికి పడ్డది. పెద్దది."

"పట్టాలు చూసే గ్యాంగు రాదు. వాళ్లు వాగు కాడ కట్ట కాస్తున్నరు. మీరే చూసుకోండ్రి. సాయంత్రం బండి ఉన్నది."

అన్నం అట్లాగే వదిలి నలుగురం లేచాం, మిగతా ఇద్దరూ అవతలి కొసన కాపలాలో ఉన్నారు. తాడు, కొక్కెం, చాకులు. వంతెన మీద నడుస్తుంటే కాళ్ల కింద ఇనుము వణుకుతోంది. రైలు వస్తే పక్కకు తప్పుకోవడానికి వంతెనకు అక్కడక్కడ ఇనుప అరుగులుంటాయి, ముందర నడుమెత్తు కమ్మీ. ముగ్గురు నిలబడితే నిండిపోతుంది. కమ్మీ దగ్గర సాలె. వాణ్ని వెనక నుంచి రెండు చేతులా నడుము చుట్టి పట్టుకుని నేను. మా పక్కన హవల్దారు. చోటు లేక లాంగ్రీ ఆయన వెనక పట్టాల మీద నిలబడ్డాడు.

కింద తుమ్మచెట్టు. వేళ్లతో సహా వచ్చింది. స్తంభానికి అడ్డం పడి, వెనకొచ్చిన చెత్తనంతా ఆపుకుంటోంది.

కొక్కెం విసరడంలో సాలెను మించినవాడు లేడు. మగ్గం మీద నాడె విసిరిన చెయ్యి. మొదటి విసురుకే చెట్టు వేళ్లలో దిగింది. గుంజాం. చెట్టు కొద్దిగా కదిలి, మా వైపు జరిగి, తాడు వదులైంది. ఆ వదులును సాలె ఎడమ చేతికి చుట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు చుట్లు. వాడు కావాలని చుట్టలేదు. పుట్టినప్పటి నుంచి వదులు కనిపిస్తే చుట్టిన చెయ్యి అది. నూలు వదులైతే సాలె చెయ్యి ఊరుకోదు.

"చుట్టకు! తాడు చుట్టకు రా!" హవల్దారు అరిచాడు.

చెట్టు తిరిగింది.

తాడు బిగిసింది. సాలె కమ్మీకి గుద్దుకున్నాడు. ఎడమ చెయ్యి కమ్మీ అవతలికి పోయింది. కుడి చేత్తో కమ్మీ పట్టుకున్నాడు. ఆ చెయ్యి వదిలి చాకు తీస్తే మనిషి నదిలో ఉంటాడు. నా రెండు చేతులూ వాడి నడుముకే. నేను వదిలినా అంతే.

"కొయ్యుండ్రి! సాబ్, కొయ్యుండ్రి!"

హవల్దారు తాడు మీదికి వంగాడు. వంగి జేబులో చెయ్యి పెట్టాడు. చెయ్యి దిగలేదు. తడిసిన ఖాకీ, పొట్ట, తొడ. రెండు వేళ్లు దిగాయి. పిడి తగిలింది, రాలేదు. ఆయన మొహం నాకు జానెడు దూరంలో ఉంది. ఆ మొహం చూసి నేను కళ్లు మూసుకున్నాను.

"ఇగో! సాబ్, ఇగో!" వెనక నుంచి లాంగ్రీ.

కళ్లు తెరిచాను. ఒక్క గుంజుకు తీశాడు వాడు, అలుగు విప్పాడు, పిడి ముందుకు పెట్టి హవల్దారు చేతి దాకా చాపాడు. నా కుట్టు ఎక్కడా తప్పలేదు.

హవల్దారు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "కింద పెట్టు," అన్నాడు.

లాంగ్రీ వంగి కింద పెట్టాడు.

ఇద్దరూ ఏమీ ఆలోచించలేదు. చాకు చేతి నుంచి చేతికి ఇస్తే తగువొస్తుందని మనమంతా తల్లి దగ్గర నేర్చుకుంటాం. పీట మీద పెడతాం, ఎదుటివాడు తీసుకుంటాడు. ఇంట్లో ఎంతసేపు పడుతుంది అందుకు? అక్కడా అంతే పట్టింది. హవల్దారు మోకాలు వంచి, అరుగు తడి రేకు మీద రెండుసార్లు జారినదాన్ని అందుకుని, తాడు కోశాడు. కోసిన తాడు గాల్లో ఒకసారి కొట్టి పోయింది. చెట్టు స్తంభం వదిలింది. సాయంత్రం బండి టైముకే దాటింది.

నా కాలి పట్టీ విప్పి సాలె చేతికి చుట్టాను. గుడిసె దగ్గరి తోపుడు ట్రాలీ మీద పడుకోబెట్టి గద్వాలకు తోశాం. వాడు చెయ్యి వైపు చూడలేదు.

"దర్జీ, ఎన్ని వేళ్లు పోయినయ్?"

"రెండే అన్న."

"ఏవి?"

"నడిమిది. ఉంగరపుది."

వాన మొహం మీద పడుతుంటే కళ్లు మూసుకున్నాడు. "అంచు గవ్వే కలుపుతయ్," అన్నాడు.

హవల్దారు ట్రాలీ పక్కన పరుగెత్తుతూ వచ్చాడు. ఆయన పరుగెత్తడం అదే మొదలు, అదే ఆఖరు. ఆ రాత్రి నా ముందు నిక్కరు పడేసి, "కుట్టు," అన్నాడు. కుట్టాను.

లడాయి అయిపోయింది. బర్మా పోయినవాళ్లు పతకాలతో వచ్చారు. నేను చలిజ్వరంతో వచ్చాను. ఇంటికి పోయే ముందు గద్వాలలో దిగి సాలె ఇంటికి పోయాను. మగ్గం గుంతలో వాడి భార్య కూర్చుంది. వాడు పక్కన కూర్చుని, మిగిలిన వేళ్లతో పోగు చూపిస్తూ, "గిట్ల కాదు, గట్ల," అంటున్నాడు. ఆమె ఒక్కో పోగు అంచుకు కలుపుతోంది. వాడు ఒక పూటలో చేసే పని ఆమెకు రెండు రోజులు.

వాడు నీళ్లు తేవడానికి లేచినప్పుడు ఆమె తల ఎత్తకుండానే అడిగింది. "అన్న, నువ్వు పక్కనే ఉంటివంట గద. చాకు కూడ అందిందంట. మరి ఎందుకు ఆలస్యమైంది?"

"హవల్దారు కింద పెట్టుమన్నడు, చెల్లె. చేతికియ్యొద్దు గద."

ఆమె చేతిలోని పోగు ముడి వేసింది. ఇంకోటి తీసుకుంది.

"అవు," అంది. "చేతికియ్యొద్దు. తగువొస్తది."

నిజమే. హవల్దారుకు, లాంగ్రీకి ఇప్పటిదాకా ఒక్క తగువు రాలేదు. ఏటా కలిసే బీచుపల్లి జాతరకు వస్తారు, కలిసే తింటారు, ఒకరి మొహం ఒకరు చూసుకోరు. నేను మళ్లీ మిషను ముందే కూర్చున్నాను, జేబులు కుడుతున్నాను. కుట్టేటప్పుడు కళ్ల ముందు వేరే ఏదీ ఉండదు. తడి ఇనుప రేకు. దాని మీద అలుగు విప్పిన చాకు, వాన దాని మీదే పడుతోంది. ఒక చెయ్యి దాన్ని వదిలేసింది. ఇంకో చెయ్యి ఇంకా అందుకోలేదు.