మెడలో బిళ్ళ తీసిన రోజు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పెళ్లయి వచ్చిన కొత్తలో ఇరుగుపొరుగువాళ్లు "సత్యవతి నిన్ను కనిపెట్టుకుని ఉంటుందమ్మా" అంటే మొహం మీదే నవ్వేదాన్ని. పోయిన మనిషి పోయింది, అంతే. ఇప్పటికీ నా నమ్మకం అదే. అయినా రాజమండ్రి ఆసుపత్రిలో జరిగింది జరిగినట్టు చెబుతాను.

సత్యవతి మా వారి మొదటి భార్య. ఆవిడ పోయాక నన్ను చేసుకున్నారు. రెండో భార్యగా వెళ్లినవాళ్లు సూత్రాల పక్కన మొదటావిడ పేరున చిన్న బంగారు బిళ్ళ వేసుకోవడం మా ఇళ్లల్లో ఆచారం. పండక్కి చీర కొన్నా ముందు ఆ బిళ్ళకి తాకించి తర్వాత కట్టుకోవాలి. నా చీర, ముందు ఆవిడకి!

మా వారు ఆవిడ గురించి ఒక్క మాట మాట్లాడేవారు కాదు. హాల్లో ఆవిడ ఫొటో మాత్రం రోజూ తుడిచేవారు. చచ్చిపోయిన మనిషి మీద కుళ్లేంటి అని మీరు అనుకోవచ్చు. బతికున్న సవతి అయితే పోట్లాడి తేల్చుకునేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక ఎండాకాలంలో నాకు కడుపులో ఎడమ పక్క విపరీతమైన నొప్పి, జ్వరం వచ్చాయి. రావులపాలెం నుంచి రాజమండ్రి తీసుకెళ్లారు. పెద్దపేగు గోడకి చిన్న చిన్న తిత్తులు లేచి అవి వాచి చీము పట్టాయన్నారు. మందులతో తగ్గింది. వాపు పూర్తిగా తగ్గాక లోపలికి కెమెరా గొట్టం పంపి చూడాలన్నారు డాక్టరు గారు. ఆ వాపు చాటున క్యాన్సర్ ఉన్నా స్కానింగులో తెలియకపోవచ్చట.

ఆ మాట విన్నప్పటి నుంచి చావు భయం ఒకటి, దాన్ని మించిన ఆలోచన ఇంకొకటి. నేను పోతే మూడో ఆవిడ వస్తుంది. మెడలో రెండు బిళ్ళలు వేసుకుంటుంది. అప్పుడు ఆయన ఎవరి ఫొటో తుడుస్తారు?

పరీక్షకి ముందు రోజంతా తిండి మానేసి మందు కలిపిన నీళ్లు తాగాను. పొద్దున నర్సు ఒంటి మీద బంగారమంతా తీసేయమంది. పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని సూత్రాలు తీశాను. బిళ్ళ కూడా తీసి మా వారి చేతిలో పెట్టాను. పెళ్లయ్యాక అది నా మెడ దిగడం అదే మొదటిసారి. నిజం చెప్పొద్దూ, హాయిగా అనిపించింది.

మత్తు ఇంజక్షన్ ఇచ్చాక ఏమీ తెలియదు. మెలకువ వస్తుండగా తలుపు అవతల మా వారి గొంతు వినిపించింది. ఎవరితోనో నెమ్మదిగా కబుర్లు చెబుతూ నవ్వుతున్నారు. నాతో ఏనాడూ అలా మాట్లాడలేదు. అంత మత్తులోనూ నాకు మండిపోయింది.

నర్సు వచ్చి బీపీ చూస్తూ, "మీ అక్కగారు చాలా మంచావిడండీ. మిమ్మల్ని లోపలికి తెచ్చిన దగ్గర్నుంచి సార్ పక్కనే కూర్చున్నారు. పాపం, కాలు ఈడ్చుకుంటూ ఇప్పుడే వెళ్లారు," అంది.

నాకు అక్కలు లేరు.

మా వారు లోపలికి రాగానే ఎవరొచ్చారని అడిగాను. "ఎవరూ రాలేదే, నేనొక్కడినే కూర్చున్నాను," అన్నారు. ఆయన అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి. అప్పుడు ఎర్రబడలేదు. నా సూత్రాలు జేబులోంచి తీసి ఇచ్చారు. బిళ్ళ మాత్రం పిడికిట్లో ఉంది.

పేగులో పులిపిరిలాంటిది కనబడితే తీసి పరీక్షకి పంపారు. క్యాన్సర్ కాదని తేలింది. మొక్కు తీర్చుకోవడానికి అన్నవరం వెళ్తే, పెనుగొండ నుంచి మా ఆడపడుచు కూడా వచ్చింది. వ్రతం అయ్యాక ఆవిడని పక్కకి పిలిచి, "వదినా, సత్యవతి అక్కకి కాలు బాగుండేది కాదా?" అని అడిగాను.

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నీకెవరు చెప్పారే? చిన్నప్పుడు జ్వరం వచ్చి కుడికాలు దెబ్బతింది. ఆ మాట ఎవరెత్తినా తమ్ముడు ఊరుకునేవాడు కాదు. అందుకే నీకూ చెప్పలేదు."

మా ఇంట్లో ఫొటో నడుము దాకానే ఉంటుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు.

నర్సు ఎవరినో చూసి పొరబడి ఉండవచ్చు. నేను విన్న గొంతు మత్తులో కల కావచ్చు. కాలు సంగతి మాత్రం ఎటు నుంచి ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. సరే, ఆవిడే వచ్చింది అనుకుందాం. లోపల మంచం మీద, బతుకుతానో చస్తానో తెలియకుండా పడి ఉన్నది నేను. ఆవిడ నా దగ్గరికి రాలేదు. బయట ఆయన పక్కన కూర్చుంది.