కింది గదికి వెచ్చని నేల

చలికాలంలో చల్లటి పలకల మీద వట్టి కాళ్లతో నిలబెట్టి, పిల్లలకు డాన్సు నేర్పడం ఎంత కష్టమో జర్మనీలో ఈ ఇంగోల్‌స్టాట్‌ వచ్చాకే నాకు తెలిసింది. మేం కొనుక్కున్న పాత ఇంట్లో కింది గది నా కూచిపూడి క్లాసు. అక్కడ కిటికీ కింద ఒక రేడియేటర్ ఉండేది. దాని ప్రతాపమంతా గోడ మీదే. నేల దాకా వచ్చేది కాదు.

సాక్సులతో ఆడనిస్తే జారి పడతారు. విప్పమంటే తల్లులు మొహం మాడ్చుకుంటారు. ఒక చలికాలం మధ్యలో ఒక తల్లి, హన్మకొండ మనిషి, గుమ్మంలోనే చెప్పేసింది. "అక్కా, ఏమనుకోకు. పోరికి ఊకె సర్ది అయితున్నది. ఎండలొచ్చినంక పంపుత." ఆమె వెనకే ఇంకొందరు మానేశారు. ఈ దేశంలో నాకంటూ ఉన్న పని ఆ క్లాసు ఒక్కటే. అది లేకపోతే నేను మా ఆయన వీసాకు తోకగా వచ్చినదాన్ని మాత్రమే. ఆ బతుకు నాకు ఇష్టం లేదు. వచ్చే చలికాలానికి నేల వెచ్చబడకపోతే క్లాసు మూసుకోక తప్పదనిపించింది.

మా ఆయన కార్ల ఫ్యాక్టరీలో ఇంజినీరు. హీటింగ్ పనివాడి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, కోసం ఎన్నో ఫోన్లు చేసి, ఎండాకాలంలో పట్టుకొచ్చాడు. పనివాడు పాత పలకలు పీకేసి, నేలలో సన్నటి గాడులు కోసి, వాటిలో ప్లాస్టిక్ పైపు వంకరలు తిప్పి పరిచాడు. పైన పూత వేసి, ఆరాక నేనడిగినట్టే చెక్క అతికించాడు. మోకాళ్లకు అదే మంచిది.

అసలు చిక్కు కెల్లర్‌లో, అంటే నేలమాళిగలో, ఉన్న పాత బాయిలర్ దగ్గర వచ్చింది. పై గదుల రేడియేటర్లకు అది పంపే నీళ్లు మరీ వేడి. అవే నేలలోకి వదిలితే చెక్క పాడవుతుందట. అందుకని మధ్యలో ఒక చిన్న పంపు, ఒక వాల్వు పెట్టి, నేలంతా తిరిగి చల్లారి వచ్చిన నీళ్లను ఆ వేడి నీళ్లలో కలిపి పంపే ఏర్పాటు చేశాడు. మనం బకెట్లో వేణ్ణీళ్లకు చన్నీళ్లు కలుపుకున్నట్టే. వెళ్తూ వెళ్తూ గోడ మీది థర్మోస్టాట్ చూపించి, దీన్ని ఇలాగే వదిలేయండి అన్నాడు. మేమిద్దరం బుద్ధిగా తలూపాం.

మానేసిన తల్లులందరికీ నేనే ఫోన్లు చేసి, నేల వెచ్చగా ఉంటుందని చెప్పి పిలిచాను. చలి మొదలైంది. పిల్లలు వచ్చారు, సాక్సులు విప్పారు, కాలు పెట్టారు. "కాల్ట్!" అని అరిచి మళ్లీ తొడుక్కున్నారు. మన చల్లదనానికి వాళ్ల మాట అది. తర్వాతి వారమూ అదే గోల. పైపుల్లో గాలి చేరిందేమోనని మా ఆయన కెల్లర్‌లోనే కాపురం పెట్టాడు. ఆ తల్లుల ముందు నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత మా ఆయన ఆఫీసు పని మీద హానోవర్ వెళ్లాడు. నేను కోపంతో ఆ గది మొహం చూడలేదు. క్లాసు రోజు పొద్దున ఊడ్చడానికి తలుపు తీసి, చెప్పులు విడిచి లోపల అడుగు పెట్టాను. నేల వెచ్చగా ఉంది. ఈ మూల నుంచి ఆ మూల దాకా నడిచి చూశాను. అంతటా వెచ్చగానే ఉంది.

ఏం మారిందా అని ఆలోచిస్తే, ఇంట్లో ఒక మనిషి తగ్గాడు, అంతే. వెంటనే ఫోన్ చేశాను.

"కింద రూములో హీటింగును నువ్వు ఏమన్న చేస్తున్నవా?"

"ఏం చేస్త? క్లాసయినంక బంద్ చేస్త, ఈసారి ఊరికి పోయే తొందరల మర్చిన గని. మళ్ల క్లాసుకు గంట ముంగట ఆన్ చేస్త."

"ఎందుకట్ల?"

"ఎందుకేంది? గీజర్ బంద్ చెయ్యమా మనం?"

చెయ్యకుండా ఎలా ఉంటాం! మా వైపు ఇళ్లలో స్నానం చేసి బయటికొచ్చిన మనిషిని ముందు అడిగేది అదే, గీజర్ బంద్ చేసినవా అని. ఆ ఎర్ర లైటు వెలుగుతుంటే ఎవరికీ అన్నం సయించదు. కానీ ఈ నేల గీజర్ కాదు. వేడెక్కడానికి ఓ పూట తీసుకుంటుంది, చల్లారడానికీ ఓ పూట తీసుకుంటుంది. గంటలో అది ఇంకా నిద్ర కూడా లేవదు. రోజంతా ఇంజన్లతో ఉండే మనిషికి ఈ ముక్క తట్టలేదు. "ఇగ దాన్ని ముట్టుకున్నవంటే చూడు" అని ఫోన్ పెట్టేశాను.

సాయంత్రం పిల్లలు గుమ్మం దగ్గరే ఆగి, ఒక్కొక్కరు బొటనవేలు ఆనించి చూశారు. తర్వాత సాక్సులు ఎటుపోయాయో ఎవరూ చూడలేదు. క్లాసు మామూలుగా జరిగింది, అడుగులు ఎప్పటిలాగే తప్పాయి. చివరి నమస్కారం అయ్యాక తల్లులు కోట్లు పట్టుకుని బయట నుంచి పిలుస్తున్నారు. పిల్లలు మాత్రం వరసగా బోర్లా పడుకున్నారు. లెమ్మంటే ఒక పిల్ల చెంప నేలకు ఆనించి, కళ్లు తెరవకుండానే, "నోఖ్ నిష్ట్" అంది. ఇప్పుడే కాదట.

నేను తొందరపెట్టలేదు. తల్లులకు కూడా లోపలికి రమ్మని సైగ చేశాను. ఈ దేశానికి వచ్చాక నా దగ్గర నుంచి వెళ్లనని మొండికేసినవాళ్లు నాకు ఆ రోజే దొరికారు.