ప్రింటర్ వైరు దగ్గర బొట్టు

ఇది జరిగింది. దీన్ని రాస్తున్న షాహీన్ ఆ రాత్రి మా ఇంట్లోనే ఉంది. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతున్నాను, ఆమె రాస్తోంది. ఒక్క మాట అబద్ధం చెప్పినా కలం ఆపేస్తానని ముందే చెప్పింది. ఆపమనే చెప్పాను.

మాది రఘునాథపల్లి. మా ఆయన మల్లేశం ఫోటోలు తీసేవాడు. వేరే దుకాణం లేదు, మా ముందు గదే దుకాణం. ఒక కంప్యూటర్, పక్కన చిన్న ఫోటో ప్రింటర్. తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన రోజులవి. ధర్నాలో కూర్చున్నవాళ్లనీ, నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి వండినవాళ్లనీ అందరినీ ఆయనే ఫోటో తీశాడు. ఆయన్ని మాత్రం నేను ఒక్కసారి తప్ప ఎవరూ తీయలేదు.

ఒక పొద్దున ఛాతీలో నొప్పి అన్నాడు. మధ్యాహ్నానికి లేడు.

నేను చెప్పేది తొమ్మిదో రోజు రాత్రి సంగతి. తెల్లవారితే పదో దినం. పీట మీద ఫోటో పెట్టి దండ వేయాలి. ఇల్లంతా వెతికితే దొరికింది ఓటరు కార్డు ఒక్కటే. అందులో మొహం మసి పూసినట్టుంది. మా ఆడబిడ్డ రాజవ్వ దాన్నే పట్టుకొచ్చింది.

"గిదే పెడదాం తియ్యి. ఏదో ఒక మొఖం ఉంటె సాలు."

"వదినా, గది మీ తమ్మునిలెక్క ఉన్నదా?"

ఆమె కార్డును దీపం దగ్గరికి తీసుకుపోయి చూసింది. "దొంగలెక్క ఉన్నడు," అంది. నవ్వబోయి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి లోపలి గదిలో పడుకుంది.

ఆయన మంచి ఫోటో ఒకటుంది. కంప్యూటర్‌లో ఉంది. దసరా నాడు నేను తీసిందే. ఆ రోజు ఆయన కుంకుమ తడిపి కెమెరాకు, కంప్యూటర్‌కు, ప్రింటర్‌కు, అన్నిటికీ బొట్లు పెట్టాడు. అదే వేలితో తన నుదుటిన కూడా పెట్టుకున్నాడు. "నన్నొకటి తియ్యి, మీట నొక్కు, గంతే," అన్నాడు. నొక్కాను. మెడలో ఎర్ర తువ్వాల, నుదుట బొట్టు. నవ్వుతున్నాడు.

దాన్ని కాగితం మీదికి తేవాలి. జనగామకు పోదామంటే బంద్. బస్సుల్లేవు, స్టూడియోలు మూసే ఉన్నాయి. అందుకే పక్కింటి షాహీన్ కాళ్లమీద పడ్డంత పని చేశాను. ఆమె ఆఫీసులో టైపు కొట్టేది. సమ్మె కాబట్టి ఇంట్లోనే ఉంది. పగలంతా కరెంటు లేదు. రాత్రి కరెంటు వచ్చాక ఆమె మా ఇంటికి వచ్చింది.

ఫోటో తెర మీదికి వచ్చింది. ఆయన్ని చూడగానే తెర మీద చెయ్యి పెట్టాను. షాహీన్ కుర్చీ లాగి కూర్చోబెట్టింది. ప్రింటు నొక్కింది.

ఏమీ రాలేదు.

"ప్రింటర్ దొరకలేదు అంటుంది అక్కా."

"దొరకకపోవుడేంది? పక్కకే ఉన్నది గదా."

"మనకు కనపడ్తది. దానికి కనపడాలె." కంప్యూటర్ వెనక్కి వంగి చూసింది. "నాలుగు బొక్కలున్నయ్. అన్న వైరు ఏ దాంట్ల పెడ్తుండె?"

"బొట్టున్న దాంట్ల."

"బొట్టేది మరి?"

ఒకసారి పిడుగు పడ్డప్పుడు ఆ నాలుగింటిలో మూడు కాలిపోయాయి. మంచిది ఏదో మరిచిపోకుండా దసరా నాడు దాని పక్కనే బొట్టు పెట్టుకున్నాడు. ఆ మంచి రంధ్రం కూడా వదులే. వైరు గుచ్చి, కింద అగ్గిపెట్టె అట్ట మడిచి దోపేవాడు. రాత్రి కాగానే వైరు తీసి, చుట్ట చుట్టి, బీరువాలో పెట్టేవాడు. ఆయన పోయిన మూడో రోజు మైల ఇల్లు కడిగాం. ఇంట్లో ఎక్కడా కుంకుమ కనపడొద్దని వదిన చెప్పింది. గడప మీదిది, తలుపు మీదిది, యంత్రాల మీదిది, అన్నీ తడిగుడ్డతో తుడిచింది నేనే. అట్టముక్కను చెత్తలో ఊడ్చింది నేనే.

"నేనే తుడిచిన," అన్నాను.

షాహీన్ తిట్టలేదు. ఒక్కో దాంట్లో పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది. ప్రింటర్ ఆపి మళ్లీ వేసింది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. దేంట్లో పెట్టినా ఒకటే మాట... దొరకలేదు. దొరకలేదు. ప్రింటర్‌లో రంగుల రిబ్బను ఒక్క ఫోటోకే మిగిలి ఉంది. కాగితం కూడా ఒక్కటే. నేను గోడకు తల ఆనించి ఆయన్నే అడిగాను. "ఏ దాంట్లనో జెప్పు. అందరియి తీస్తివి. నీదొక్కటి ఇయ్యవా?"

అప్పుడే కరెంటు పోయింది.

కింద బ్యాటరీ డబ్బా కూయడం మొదలుపెట్టింది. పీక్... పీక్... పీక్... తెర మీద ఆయన నవ్వుతూనే ఉన్నాడు. కూతల మధ్య ఎడం తగ్గింది. పీక్ పీక్ పీక్... తర్వాత ఒకటే పొడుగు కూత. ఆయన మొహం ఆరిపోయింది.

"జర కూసో అక్కా. మా ఇంట్ల కందీలుంది, తెస్త," అని షాహీన్ తడుముకుంటూ వెళ్లింది.

చీకటి. వదిన ఊపిరి కూడా వినపడలేదు. నేను వైరు కొస పట్టుకుని కంప్యూటర్ వెనక్కి చెయ్యి పోనిచ్చాను. ఎందుకో తెలియదు. ఊరికే ఉండలేక. ఇనుప రేకు వేడిగా ఉంది. దుమ్ము... మరలు... మొదటి రంధ్రం. రెండోది. మూడోది...

మూడోదాని పక్కన వేలికి తడి తగిలింది.

చల్లగా... చిన్నగా... అప్పుడే తడిపి పెట్టినట్టు.

నేను చెయ్యి తీయలేదు. తీస్తే మళ్లీ దొరకదని భయం. ఇంకో చేత్తో వైరు అక్కడ గుచ్చాను. అట్ట లేదు కదా, ఆ వేలినే కింద పెట్టి పైకి ఎత్తి పట్టుకున్నాను. ఎంతసేపో తెలియదు. వేలు తిమ్మిరెక్కింది.

కరెంటు వచ్చింది. కంప్యూటర్ దానంతటదే మొదలైంది. అది ఎప్పుడూ అంతే, నాకు తెలుసు. కానీ తర్వాత నేనేమీ నొక్కలేదు. ప్రింటర్‌లో ఏదో కదిలింది. గర్ర్...

కాగితం బయటికి వచ్చింది. పసుపు రంగులో మొహం. అంతా పసుపే, పసుపు పూసిన శవంలాగా. లోపలికి పోయింది... గర్ర్... మళ్లీ వచ్చింది. ఎరుపు కలిసింది. తువ్వాల ఎర్రబడింది, పెదవులు వచ్చాయి. లోపలికి పోయింది. నేను వేలు కదపలేదు. ఊపిరి కూడా బిగబట్టాను. మూడోసారి నీలం కలిసింది. కళ్లు నల్లబడి నన్ను చూశాయి. షాహీన్ కందీలు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. నాలుగోసారి మెరుపు పూసుకుని ఫోటో బయట పడింది.

ఆయనే. నవ్వు ఆయనదే. తువ్వాల ఎర్రగా ఉంది. నుదుటిన మాత్రం బొట్టు లేదు.

అప్పుడు వేలు తీసి చూసుకున్నాను. వేలి కొస ఎర్రగా ఉంది.

షాహీన్ కందీలు దించి కంప్యూటర్ వెనక చూసింది. మిగతా మూడు చోట్ల దుమ్ము. మూడోదాని పక్కన శుభ్రంగా ఉంది. మరకే లేదు.

ఆమె చెప్పేదీ వినండి. తను ముందు పంపిన ఫోటో వరుసలో ఆగి ఉందట, వైరు అందగానే వచ్చిందట. రేకు సందులో పాత కుంకుమ కొంచెం ఉండి, నా చెమటకు తడిసిందట. రిబ్బను ముడత పడి బొట్టు రాలేదట. "ముడుత పడ్తె నుదురంత చెడాలె గదా?" అని అడిగాను. నుదురు చక్కగా ఉంది. ఆమె తర్వాత కంప్యూటర్‌లో ఫోటో తెరిచి చూపించింది. అందులో బొట్టు ఉంది.

ఇక్కడ షాహీన్ కలం ఆపింది.

"ఏంది, అబద్ధమా?"

"కాదక్కా. ఫోటోకు నువ్వు పెట్టింది గుడ రాయాల్నా?"

రాయమన్నాను. ఆ రాత్రే పెట్టాను. ఆ వేలితోనే, ఆయన నుదుటి మీద. తడి ఇంకా ఆరలేదు.

తెల్లవారి పీట మీద ఫోటో చూసి వదిన వెనక్కి తిరిగింది. "బొట్టు ఎవలు పెట్టిన్లు? నేనింక కుంకుమ తడపనే లేదు," అంది. ఇంకాసేపట్లో నా బొట్టు చెరిపేస్తారు, నా గాజులు తీస్తారు. నేను ఆ వేలిని పిడికిట్లో దాచుకున్నాను.

వేలు నాదే, కుంకుమ తడిపింది ఎవరో నాకూ తెలియదు వదినా అందామనుకున్నాను. అనలేదు.